మొదటి నవ్వు ఉప్పు

మోయాబ్,
1986 సెప్టెంబరు 8, సోమవారం

చిన్నమ్మా,

ముందు ఒక్క మాట రాసేస్తున్నాను: అందరం క్షేమం. అది ముందే చెప్పకపోతే నువ్వు ఉత్తరం సగంలోనే ఏడుపు మొదలుపెడతావు. ఇక అసలు సంగతి. అన్నయ్య ట్రక్కు చచ్చి ఊరుకుంది.

సాల్ట్ లేక్‌లో బయల్దేరినప్పుడే అది ఒకటే మూలుగు. "ఏంటన్నయ్యా ఆ చప్పుడు?" అంటే, "దానికి వాగుడెక్కువ, నీలాగే" అన్నాడు. దారి పొడుగునా అన్నయ్య ఆడిన పెద్ద మాట అదే. గ్రీన్ రివర్ దాటి, ఎర్ర కొండల మధ్యకి వచ్చాక గేర్ బాక్సు గరగరమంది, మోయాబ్ పొలిమేరలో ఆగిపోయింది. ఎర్రటి ఎండ, ఎర్రటి దుమ్ము, నా బుడ్డోడి చెవుల నిండా ఎర్రమన్ను. ఎవరో పాపం తాడు కట్టి షెడ్డు దాకా లాక్కొచ్చారు. గేర్ బాక్సు సామాను గ్రాండ్ జంక్షన్ నుంచి రావాలట. వారమో, పది రోజులో.

మన ఊరి దుకాణానికి ఫోన్ చేద్దామనుకున్నాను గాని, అక్కడ ఫోన్ మోగితే కాఫీ తాగుతున్న వాళ్ళంతా చెవులు రిక్కిస్తారు. అందుకే ఉత్తరం. ఇక్కడ మోటెల్లో దుప్పట్లు ఉతికే గ్లెనిబా అనే మన తెగ ఆవిడ కలిసింది. మాది చేదు నీళ్ళ గోత్రం అని చెప్పానో లేదో, "అయితే నువ్వు నా చెల్లెలివే, పద" అని తన ఇంట్లో గది ఇచ్చేసింది. జవాబు ఆవిడ పేరుకే రాయి.

చిన్నమ్మా, నీతో కాక ఎవరితో చెప్పుకోను? నువ్వెరిగిన అన్నయ్య కాదు ఇతను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న దుకాణందారుని కూడా పొట్ట పట్టుకునేలా నవ్వించిన మనిషి. ఆ ఏడు మంచులో మంద పోయిన రోజు అమ్మ అనేసిందే, "స్నేహితులతో ఇకఇకలాడుతూ కూర్చుని నా గొర్రెల్ని చంపావు, ఇక నీ నవ్వు నా గుమ్మం ముందు వినపడకూడదు" అని, ఆ మాట మూటగట్టుకుని వెళ్ళినవాడు ఇవాళ్టికీ విప్పలేదు. నన్నూ బిడ్డనీ గొర్రెల దొడ్డి దగ్గర దింపి అట్నుంచి అటే తిరిగిపోతాడట. "ఇంజను కూడా ఆపను" అంటున్నాడు. అన్నయ్య ఒక్క పూట మన ఇంట్లో కూర్చుని అన్నం తింటే చాలు నాకు. ఈ ప్రయాణంలో నేను కోరుకున్నది అదొక్కటే.

బుడ్డోడికి మూడో నెల నిండబోతోంది. నవ్వు పెదాల దాకా వచ్చి ఆగుతోంది. నాకు భయమంతా షెడ్డు ఆయన ఓరిన్ గారితో. ఆయన కట్టుడు పళ్ళు నాలుకతో బయటికి తోసి, మళ్ళీ లోపలికి లాక్కుంటాడు. బుడ్డోడు కళ్ళింత చేసుకుని చూస్తున్నాడు.

బొడ్డు ముక్క జాగ్రత్తగా డబ్బాలో తెస్తున్నానని అమ్మతో చెప్పు. దొడ్లో పాతడానికి చోటు చూసి ఉంచమను, వాడి మనసు ఎక్కడున్నా ఇంటి వైపే ఉండాలి కదా.

నీ కూతురు
రోవీనా


లుకాచుకై,
సెప్టెంబరు 14, ఆదివారం

ఒసే రోవీనా,

కట్టుడు పళ్ళా! నీకు బుద్ధుందా? ఆ పళ్ళాయన కనబడితే బిడ్డని కట్టిన ఊయల పలక మీద దుప్పటి కప్పెయ్. పట్నంలో ఉండి మరిచిపోయావేమో, మళ్ళీ చెబుతున్నాను. బిడ్డని మొదటిసారి ఎవరు నవ్విస్తే వాళ్ళ గుణమే బిడ్డకు వస్తుంది. ఆ నవ్వించినవాళ్ళే నలుగురినీ పిలిచి విందు పెట్టాలి. బిడ్డ చెయ్యి పట్టుకుని అందరి అరచేతుల్లో ఉప్పు పెట్టించాలి. ఆ ఉప్పు అందరూ తినాలి. అది జరక్కపోతే వాడు పిసినిగొట్టు అయి కూర్చుంటాడు. ఇప్పుడు ఆ పళ్ళాయన నవ్వించాడనుకో, మనం ఆయన షెడ్డుకెళ్ళి టైర్ల మధ్య కూర్చుని విందు తినాలా?

నేను వారమంతా చిన్లే బడి వంటింట్లోనే ఉంటున్నాను. శని ఆదివారాలే ఇంటికి. ఈ వారం మేక ఒకటి మీ అమ్మ ఉతికి ఆరేసిన లంగా నమిలేసింది. అందుకని ఆవిడ చిరాకుగా ఉంది. అయినా నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. దొడ్లో రెండు గొర్రెపోతుల్ని విడిగా కట్టి మేపుతోంది, విందు కోసం. ఉప్పు కూడా తీసి ఎండలో పెట్టింది, కొట్లో సరుకు కాదు, మన గల్లు ఉప్పు.

ఇంకోటి. మీ అమ్మ నాతో రాయించిన మాట ఇది, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. దారిలో మీ అన్నయ్య డెల్మర్ బిడ్డని నవ్వించకూడదట. "ఎవరు నవ్వించినా ఫరవాలేదు, వాడు మాత్రం దారిలో నవ్వించకూడదు, గట్టిగా రాయి" అంది. రాశాను. ఇంకా ఏదో చెప్పబోయింది గాని, లోపల పొయ్యి మీద కాఫీ పొంగితే లేచి పరిగెత్తాను.

జాగ్రత్త. ట్రక్కులో రాత్రిళ్ళు ప్రయాణం పెట్టుకోకండి.

మీ చిన్నమ్మ
నానబా


మోయాబ్,
సెప్టెంబరు 17, బుధవారం

చిన్నమ్మా,

నీ ఉత్తరం అన్నయ్య చదివేశాడు. ట్రక్కు అద్దం దగ్గర పెట్టి నేను పాలు తేవడానికి వెళ్ళాను. వచ్చేసరికి అతని చేతిలో ఉంది. మడిచి, ఉన్నచోటే పెట్టి, చక్రం దగ్గర చేరి స్పానరు తిప్పుతూ కూర్చున్నాడు. అప్పటికి ఓరిన్ గారు ఆ చక్రం పని ఎప్పుడో ముగించారు. విప్పడానికేం లేదు అక్కడ.

అప్పట్నుంచి ఏం చేస్తున్నాడో తెలుసా? ముక్కు మీదుగా ఎర్ర రుమాలు కట్టుకుని తిరుగుతున్నాడు. కళ్ళు తప్ప ఏమీ కనబడదు. బుడ్డోడు ఇటు చూస్తే అటు తిరుగుతాడు. రోజూ పొద్దున్నే వాణ్ణి భుజానేసుకుని బండల మధ్య తిప్పేవాడు, "అదిగో ఆ బండకి మీ ముత్తాత బొజ్జ ఉంది చూడరా" అని గొణిగేవాడు. అదీ మానేశాడు. "ఏంటన్నయ్యా ఈ వేషం? దొంగవనుకుంటారు" అన్నాను. "నీ కొడుక్కి నా గుణం అంటకూడదని మీ అమ్మ రాయించింది కదే. అంటకుండా చూస్తున్నా" అన్నాడు. మీ అమ్మట!

నాకు ఒళ్ళు మండిపోతోంది. నా పురుటికి మా ఆయన ఎర్ల్ నెవాడాలో పట్టాల పని మీద ఉంటే, ఆసుపత్రికి మోసుకెళ్ళింది అన్నయ్య. రెండో షిఫ్టు మానుకుని నాకు అంబలి కాచి పెట్టింది అన్నయ్య. వాడికి అన్నయ్య గుణం వస్తే నేను ఎగిరి గంతేస్తాను, అమ్మతో ఈ ముక్క గట్టిగా చదువు. గొర్రెలు పోతే పుడతాయి. కొడుకులు పుడతారా ఆ వయసులో?

ట్రక్కు బాగయింది. ఓరిన్ గారు చివరి దాకా పళ్ళతో ప్రయత్నించారు పాపం. నేను దుప్పటి కప్పేసరికి చిన్నబుచ్చుకున్నారు. సంగతి చెప్పాను. "అయ్యో, నేను విందు పెట్టేవాణ్ణి కదమ్మా" అన్నారు.

రేపు బయల్దేరుతున్నాం. కానీ అన్నయ్య మాట మార్చాడు. దొడ్డి దాకా కూడా రాడట. బ్లఫ్ దాకానే, నది దాకానే. నది దాటితే మన తెగ నేల కదా, అక్కడ కాలు పెట్టడట. బ్లఫ్‌లో కంచెలు వేసే పని చూసుకున్నాడు. ఎర్ల్‌కి సెలవు దొరికాక వచ్చి నన్ను తీసుకెళ్ళాలి. జవాబు బ్లఫ్ పోస్టాఫీసుకి రాయి.

రోవీనా


లుకాచుకై,
సెప్టెంబరు 21, ఆదివారం

రోవీనా,

నువ్వు చదవమన్నావు, చదివాను. చదవకుండా ఉండాల్సింది.

మీ అమ్మ మగ్గం ముందు కూర్చుని వింది. రుమాలు సంగతి వచ్చినప్పుడు చేతిలో నేత దువ్వెన ఆగింది. "నది దాటడట" అని చదివేసరికి లేచి బయటికెళ్ళింది. విడిగా కట్టిన ఆ రెండు పోతుల తాళ్ళు విప్పి మందలోకి తోలేసింది. "ఏంటక్కా అది? విందుకి కదా?" అన్నాను. "ఎవరి కోసం? రానివాడు అక్కడే ఉండనీ" అంది. అంతే. రాత్రి అన్నం తినలేదు. కుక్కని కూడా తిట్టింది, అది ఏ పాపం ఎరగదు.

నేనేం చెయ్యనే? అటు మీ అమ్మ మీద రాయి పడినా పలకదు. ఇటు మీ అన్నయ్య నీడ కనబడితే తప్పుకుంటాడు. ఒకే కుండలో వండినట్టు తల్లీకొడుకులు! గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు. డెల్మర్‌తో చెప్పు, వాడి చిన్నమ్మ వాడి కోసం ఎండబెట్టిన పీచ్ పళ్ళు దాచిందని. వాటికోసమైనా రమ్మను.

బుడ్డోడు నవ్వలేదు కదా ఇంకా? మూడు నెలలు నిండినవాణ్ణి ఎన్నాళ్ళని ఆపుతారు, వాడేమైనా ట్రక్కా?

మీ చిన్నమ్మ
నానబా


బ్లఫ్,
సెప్టెంబరు 24, బుధవారం

చిన్నమ్మా,

నవ్వాడు! నిన్న సాయంత్రం నవ్వాడు. ఎవర్ని చూసి అని అడగకు, నీకు తెలిసిపోయే ఉంటుంది.

చెప్తాను ఉండు. నది ఒడ్డున దూది రాల్చే పెద్ద చెట్ల కింద మా మకాం. అన్నయ్య పని నుంచి వచ్చాడు, మొహానికి రుమాలు, ఒళ్ళంతా ఎర్రదుమ్ము. నేను చన్నీళ్ళలో బట్టలు జాడిస్తున్నాను, చేతులు ఖాళీ లేవు. బుడ్డోడు గుక్కపట్టాడు. "అన్నయ్యా, ఎత్తుకో! కథైనా చెప్పు!" అని అరిచాను. "పాములు ఇంకా చలికాలపు నిద్రకి పోలేదే, అవి మేలుకుని ఉండగా కథలు చెప్పకూడదు కదా" అంటూనే ఊయల పలక ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు, మొహం మాత్రం పక్కకే. అప్పుడొచ్చింది తుమ్ము. దుమ్ము కదా, మామూలు తుమ్ము కాదు. రుమాలు ఎగిరి గడ్డం కిందికి జారింది. గబుక్కున పైకి లాక్కున్నాడు. మళ్ళీ తుమ్ము, మళ్ళీ జారింది. బుడ్డోడు ఏడుపాపేశాడు. చూశాడు. మూడో తుమ్ముకి కిలకిలమని నవ్వాడమ్మా! ఆ చప్పుడు ఎలా ఉందో నాకు రాయడం రాదు. బట్టలు నదిలో వదిలేసి పరిగెత్తాను. ఒక గుడ్డ కొట్టుకుపోయింది కూడా.

అన్నయ్య రుమాలు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత అతనూ నవ్వాడు. ఎన్నాళ్ళకి విన్నాను ఆ నవ్వు! నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాడు. "చెల్లీ, కావాలని చెయ్యలేదే" అన్నాడు. చిన్నమ్మా, నా గుండె తరుక్కుపోయింది. మేనల్లుడు తనని చూసి నవ్వితే ఏ మేనమామైనా క్షమాపణ చెప్పుకుంటాడా?

కానీ ఇప్పుడు వచ్చింది అసలు చిక్కు. "నవ్వించినవాణ్ణి నేను. నేనే పెట్టాలి. ఇక్కడే పెట్టేస్తా" అంటున్నాడు. ఒక గొర్రె బేరం కుదిర్చాడు. కంచె పనివాళ్ళని, మోయాబ్ నుంచి గ్లెనిబా అక్కని, ఓరిన్ గారిని పిలిచాడు. ఎర్ల్ కూడా వస్తాడు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం, నది ఒడ్డున. ఆ విందు ఇక్కడ అయిపోయిందంటే అన్నయ్యకి ఇంటికి రావడానికి ఇక సాకే మిగలదు. నన్ను ఎర్ల్‌కి అప్పగించి సాల్ట్ లేక్ వెళ్ళిపోతాడు. మళ్ళీ ఎన్నేళ్ళకో. ఆపమంటావా? ఆపితే బిడ్డకి మంచిది కాదంటాడు. పీచ్ పళ్ళ సంగతి చెప్పాను. "ఎర్ల్‌తో పంపమను" అన్నాడు. వెంటనే రాయి.

రోవీనా


లుకాచుకై,
సెప్టెంబరు 27, శనివారం

రోవీనా, తల్లీ,

నీ ఉత్తరం దుకాణంలోనే నిలబడి చదివాను, పరిగెత్తి ఇంటికొచ్చి మీ అమ్మకి మొత్తం వినిపించాను. తుమ్ము దగ్గర ఆవిడ పెదవి కొరుక్కుంది, నవ్వాపుకోవడానికి. ఆదివారం విందు దగ్గరికి వచ్చేసరికి మొహం పాలిపోయింది.

"చూశావా, అందుకే కదే వద్దన్నాను!" అంది. "ఎందుకు వద్దన్నావు, అది చెప్పి చావు!" అని అరిచాను. అక్క మీద అరవడం నాకు ఇదే మొదలు. అప్పుడు నోరు విప్పింది. ఏమందో ఆవిడ మాటల్లోనే రాస్తున్నాను:

"దారిలో నవ్విస్తే దారిలోనే పెట్టేస్తాడు. ఇక ఇంటికెందుకొస్తాడు? నా గుమ్మంలో నవ్వించాలి వాడు. అప్పుడు నా ఇంట్లోనే పెట్టాలి. పోతుల్ని కొయ్యాలి, నలుగుర్నీ పిలవాలి, ఎన్ని రోజులు పడుతుందో అన్ని రోజులూ ఉండాలి. బిడ్డకి వాడి గుణం కాకపోతే ఇంకెవరిది కావాలి? నా కడుపున పుట్టినవాళ్ళలో అంత ఇచ్చే చెయ్యి ఎవరికుంది?"

అయ్యో, విన్నావా! నేను కాఫీ పొంగిందని లేచెళ్ళానే, ఆ తర్వాతి మాట అది. సగం మాట రాసి సగం పొయ్యిలో పోశాను. ఆవిడ మటుకు చెప్పేశాననే అనుకుంది. మీరు అన్నీ తెలిసి కూడా రానంటున్నారని అనుకుంది. డెల్మర్‌కి చదివి వినిపించు. తిట్టాలంటే నన్ను తిట్టమను, ఆవిణ్ణి కాదు.

కానీ ఇది నీకు చేరేసరికి విందు మొదలైపోతుందేమో. ఎందుకంటే దీన్ని మోసుకొస్తున్నది మీ అమ్మే. దుకాణం గడ్డి లారీ రేపు పొద్దున్నే బ్లఫ్ వెళ్తోంది. తోలేవాడి పక్కన కూర్చుంటానంది. ఊరు దాటని మనిషి! గల్లు ఉప్పు సంచీ చంకలో పెట్టుకుంది, నా మంచి శాలువా లాక్కుంది. "వెళ్ళి ఏం చేస్తావక్కా?" అంటే, "నాకేం తెలుసు, విందుకి పిలిస్తే వెళ్ళనా?" అంది. ఎవరూ పిలవలేదని నేను అనలేదు.

ఎర్ల్‌ని జాగ్రత్తగా ఉండమను. అల్లుడు అత్తగారి కంట పడకూడదు కదా, ముందే ఎటైనా తప్పుకోమను.

మీ చిన్నమ్మ
నానబా


బ్లఫ్, నది ఒడ్డు,
సెప్టెంబరు 28, ఆదివారం సాయంత్రం

చిన్నమ్మా,

గడ్డి లారీ ఆయన తిరుగు దారిలో చిన్లే మీదుగా వెళ్తాడట. ఇది నీ చేతిలో పెడతానన్నాడు. ట్రక్కు బానెట్ మీద పెట్టి గబగబా రాస్తున్నాను. నీ ఉత్తరం ఇంతకుముందే అన్నయ్యకి చదివి వినిపించాను. కానీ జరగాల్సింది అప్పటికే జరిగిపోయింది.

లారీ వచ్చేసరికి వరస మొదలైంది. అన్నయ్య చెట్టు కింద కూర్చుని బుడ్డోణ్ణి ఒళ్ళో పెట్టుకున్నాడు. వాడి గుప్పెట్లో ఉప్పు పోసి, మణికట్టు పట్టుకుని ఒక్కొక్కరి అరచేతిలో రాలుస్తున్నాడు. అమ్మ లారీ దిగింది. ఎర్ల్ ట్రక్కు వెనక్కి ఎలా దూకాడో నేను చూడలేదు, చేతిలో నములుతున్న ఎముక మాత్రం వదల్లేదు. అన్నయ్య చెయ్యి గాల్లో ఆగిపోయింది.

అమ్మ నేరుగా వెళ్ళి పళ్ళెంలో ఉప్పు చూసింది. "కొట్లో ఉప్పు పెట్టిస్తున్నావా నా మనవడి చేత? ఇదిగో" అని సంచీ అన్నయ్య మోకాలి మీద పడేసింది. ఆ తర్వాత వెళ్ళి వరస చివర నిలబడింది. అందరూ "ముందుకి రండి పెద్దమ్మా" అన్నారు. "నేనూ విందుకొచ్చినదాన్నే" అని కదల్లేదు. ఆవిడ ముందు ఓరిన్ గారు. ఆయన పళ్ళు చూపిస్తే ఆవిడ ఒక చూపు చూసింది. ఆయన పళ్ళు లోపలికి పోయాయి.

అమ్మ వంతు వచ్చింది. చెయ్యి చాపింది. అన్నయ్య తలెత్తలేదు. బుడ్డోడి వేళ్ళు విప్పి ఉప్పు ఆవిడ అరచేతిలో రాల్చాడు. అందరిలా నోట్లో వేసుకుంటుందని చూస్తున్నాం. అమ్మ పిడికిలి మూసేసింది.

"తినమ్మా" అన్నాడు అన్నయ్య. ఇన్నేళ్ళకి అమ్మతో అన్న మొదటి మాట.

"ఇక్కడ కాదు."

"మొదటి నవ్వు ఉప్పు తినకుండా ఉంచితే బిడ్డకి మంచిది కాదు."

"నాకు చెప్తున్నావా? నీకు నేర్పిందే నేను. ఇది నా గుమ్మంలో తింటాను. తీసుకెళ్ళు నన్ను."

"లారీ ఉందిగా."

"ఆ లారీలో నడుం విరిగింది. నీ ట్రక్కులో వస్తాను."

అన్నయ్య, "నీ గుమ్మం ముందు నా నవ్వు..." అని ఆగిపోయాడు. అమ్మ అక్కడే మట్టిలో కూలబడింది, చిన్నమ్మా. "అన్నాను. ఈ నోటితోనే అన్నాను. ఆ మర్నాటి నుంచీ ఆ ఇంట్లో ఎవరి నవ్వూ లేదు. ఇప్పుడు ఈ నోటితోనే అడుగుతున్నాను, రా నాయనా" అంది. అన్నయ్య బుడ్డోణ్ణి నా చేతికిచ్చి, అమ్మ భుజం మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గ్లెనిబా అక్క రొట్టెలు మాడ్చేసింది. మాడినవే అందరం తిన్నాం.

అయినా వస్తానని మాత్రం అనలేదు, మొండి ఘటం. అమ్మ కూడా మళ్ళీ అడగలేదు. ఎడం చేత్తోనే మాంసం తింది, ఎడం చేత్తోనే కాఫీ తాగింది. కుడి పిడికిలి ఒళ్ళో పెట్టుకునే ఉంది. బుడ్డోణ్ణి కూడా ఎడం చేత్తోనే ఎత్తుకుంది. అన్నయ్య అటు చూడటం, తల తిప్పుకోవడం, మళ్ళీ చూడటం. చివరికి లేచి వెళ్ళి రేడియేటర్‌లో నీళ్ళు పోశాడు. నా మూటలు వెనక పడేశాడు. ఎర్ల్‌ని కూడా వెనకే ఎక్కించి దుప్పటి కప్పాడు, అత్తగారికి కనబడకుండా.

హారన్ కొడుతున్నాడు. అమ్మ ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. శుక్రవారం నువ్వు ఇంటికొచ్చేసరికి అన్నయ్య అక్కడే ఉంటాడు, పోతుల్ని మళ్ళీ విడిగా కట్టిస్తానని అమ్మ ఇప్పుడే అంది.

ఇదిగో, అన్నయ్య అడుగుతున్నాడు, "అమ్మా, చెయ్యి నొప్పి పుట్టట్లేదూ?" అని.

"పుడుతోంది. తొందరగా పోనీ" అంది అమ్మ.

నీ కూతురు
రోవీనా